ఒక పెట్టె, రెండు ప్రాసెసర్లు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సన్నాహక సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

"నువ్వు ఇంజనీరువి గదా, కంప్యూటర్ల గురించి పిల్లలకు పనికొచ్చే మాట ఏదైనా పావుగంట చెప్పు" అని కార్యదర్శి గారు ఫోను చేశారు. కొత్త కంప్యూటర్ల సంగతి మన పిల్లలకు నాకంటే బాగా తెలుసు. అందుకని ఒక పాత కంప్యూటరు గురించి చెబుతాను. 2001 ఎండాకాలంలో ఈ ధరణికోటలోనే, ఈ బడికి కిలోమీటరు దూరంలో ఉన్న ఒక రేకుల షెడ్డులో తయారైన కంప్యూటరది. ఒకే పెట్టెలో రెండు ప్రాసెసర్లు. దాన్ని తయారుచేసింది నేనేనని ఇరవై ఏళ్లకు పైగా చెప్పుకుంటూ వచ్చాను. అందులో సగమే నిజం. మిగతా సగం చెప్పడానికే ఈ పూట మైకు ముందుకు వచ్చాను.

నేను ఇక్కడే పదో తరగతి పాసయ్యాను. అప్పట్లో మన బడిలో కంప్యూటరు లేదు. కేంద్ర ప్రభుత్వం 1984–85లో 'క్లాస్' అనే పథకం కింద దేశంలో కొన్ని బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చింది. ఆ వార్త మా సైన్సు మాస్టారు పేపర్లో చదివి వినిపించారు. వినిపించి, "మనకు రాకపోతే ఏం, ఉన్నవాటితో చేద్దాం" అని డాల్డా డబ్బాతో పిన్‌హోల్ కెమెరా చేయమన్నారు. నా బెంచీలో నా పక్కన కూర్చునేవాడు దాన్ని ఒక్క సాయంత్రంలో చేసుకొచ్చాడు. సైన్సు ఫెయిర్లో దాని గురించి మాట్లాడింది నేను. సర్టిఫికెట్ మీద పేరు పడింది కూడా నాదే.

ఆ పక్కవాడు తొమ్మిదో తరగతి అర్ధసంవత్సరం పరీక్షల తర్వాత బడి మానేశాడు. వాళ్ల నాన్న మంచాన పడితే రేకు పని అందుకున్నాడు. ట్రంకు పెట్టెలు, ధాన్యం డబ్బాలు, తర్వాత కూలర్లు. మిగతా ఏడాదిన్నర నేను ఆ బెంచీలో ఒక్కణ్ణే కూర్చున్నాను.

ఇక కంప్యూటరు సంగతి.

2000 ప్రాంతంలో నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఒకసారి పని మీద చెన్నై వెళ్లి, ఎగ్మూరు మ్యూజియంలో మన అమరావతి శిల్పాలు చూశాను. మనం చిన్నప్పుడు 'దీపాల దిన్నె' మీద ఆడుకున్నవాళ్లమే. కల్నల్ మెకంజీ 1797లో అక్కడికి వచ్చాడని, తర్వాత ఆ పలకలు చెన్నైకీ లండన్‌కీ వెళ్లిపోయాయని పాఠంలో చదువుకున్నవాళ్లమే. కానీ నిలబడి ఉన్న స్తూపం ఎలా ఉండేదో నాకు ఆ రోజు దాకా ఊహకు రాలేదు. ఆ శిల్పులు ఒక గొప్ప పని చేశారు. పలకల మీద స్తూపం బొమ్మనే చెక్కారు. అండం, చుట్టూ ప్రాకారం, నాలుగు దిక్కులా ఆయక వేదికలు, ఒక్కో వేదిక మీద అయిదేసి స్తంభాలు, అన్నీ ఆ బొమ్మల్లో ఉన్నాయి. ఆ బొమ్మల ఆధారంగా కంప్యూటర్లో స్తూపాన్ని నిలబెట్టి, దాని చుట్టూ ప్రదక్షిణ చేస్తున్నట్టు అర నిమిషం సినిమా తీసి మన బడి పిల్లలకు చూపించాలని కోరిక పుట్టింది.

కోరిక చిన్నదే, లెక్క పెద్దది. 'పోవ్‌రే' అని ఉచితంగా దొరికే ప్రోగ్రాం ఒకటుంది. బొమ్మలోని ప్రతి చుక్కకూ ఒక కాంతి కిరణం ఎటు నుంచి వచ్చిందో, దేనికి తగిలిందో, ఎక్కడ నీడ పడిందో లెక్కగట్టి రంగు వేస్తుంది. 640 చుక్కల వెడల్పు, 480 చుక్కల ఎత్తు ఉన్న బొమ్మలో 3,07,200 చుక్కలు. సెకనుకు 25 బొమ్మల చొప్పున అర నిమిషానికి 750 బొమ్మలు. నా దగ్గరున్న కంప్యూటరు ఒక్కో బొమ్మకు సుమారు 12 నిమిషాలు తీసుకునేది. 750ని 12తో హెచ్చవేస్తే 9,000 నిమిషాలు, అంటే 150 గంటలు, ఆరు రోజుల పైచిలుకు. ఒక స్తంభం తప్పుగా పెట్టానని ఆరో రోజున తెలిస్తే మళ్లీ మొదటికే.

వేగం కావాలంటే అప్పటికి రెండే దారులు. ఎక్కువ ధర పెట్టి వేగమైన ప్రాసెసర్ కొనడం, లేదా మామూలు ప్రాసెసర్లు రెండింటిని ఒకే బోర్డు మీద కలపడం. రెండో ఆలోచన కొత్తది కాదు. మన తెలుగువాడు, శ్రీకాళహస్తి దగ్గరి కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. ఆయన పనిచేసిన కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1970లలోనే 16 చిన్న కంప్యూటర్ల ప్రాసెసర్లను కలిపి ఒకే యంత్రం కట్టారు. మన హైదరాబాద్‌లో రక్షణ శాఖ వారి 'అనురాగ్' సంస్థ విమానాల చుట్టూ గాలి నడకను లెక్కగట్టడానికి అనేక ప్రాసెసర్లను కలిపి 'పేస్' అనే కంప్యూటరు తయారుచేసింది. పెద్దవాళ్లు పెద్ద గదుల్లో చేసిన పనిని నేను ఒక పెట్టెలో చేద్దామనుకున్నాను.

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. కంప్యూటర్ల పని చేసిన మన వాళ్లలో అక్కడ మెట్లెక్కి దిగనివాళ్లు అరుదు. అక్కడ నాకు ఒక ఆఫీసు వాళ్లు తీసేసిన సర్వర్ మదర్‌బోర్డు పాత సరుకులో దొరికింది. దాని మీద రెండు స్లాట్లు. ఒకదాంట్లో 500 మెగాహెర్ట్జ్ పెంటియం త్రీ ప్రాసెసర్ ఉంది. రెండో దాంట్లో అదే ఆకారంలో ఒక కార్డు ఉంది. ఇదేమిటని అడిగితే షాపతను "అది ఉత్తిది సార్, టెర్మినేటరు" అన్నాడు.

పిల్లలకు ఈ సంగతి చెప్పాలి. ఆ బోర్డులో రెండు ప్రాసెసర్లకూ, జ్ఞాపకశక్తి చిప్పులను నడిపే చిప్పుకూ మధ్య ఒకే దారి ఉంటుంది. సంకేతాలు ఆ దారిన పరుగెడతాయి. దారి చివర స్లాటు ఖాళీగా ఉంటే, కాలవలో అల లాకు తలుపుకు కొట్టుకుని వెనక్కి వచ్చినట్టు సంకేతం తిరిగి వచ్చి, వెనకాల వచ్చే సంకేతాన్ని చెడగొడుతుంది. అందుకని ప్రాసెసర్ లేని స్లాటులో రెసిస్టర్లు మాత్రమే ఉన్న కార్డు ఒకటి పెట్టాలి. అది పనేమీ చెయ్యదు. ఖాళీ తెలియకుండా మాత్రం చేస్తుంది. ఇంకో నెలకు అదే వేగం, అదే రకం ప్రాసెసర్ ఇంకొకటి దొరికింది. టెర్మినేటర్ కార్డు తీసి డబ్బాలో పడేశాను.

చిక్కంతా పెట్టె దగ్గర వచ్చింది. మామూలు ఏటీఎక్స్ బోర్డు 12 అంగుళాల పొడవు, 9.6 అంగుళాల వెడల్పు. నా సర్వర్ బోర్డు వెడల్పు 13 అంగుళాలు. మామూలు పెట్టెలో పెడితే మూడు అంగుళాలకు పైగా హార్డ్‌డిస్కుల గూటిలోకి పొడుచుకు వస్తుంది. సర్వర్ పెట్టె కొందామంటే ధర నేను బోర్డుకీ ప్రాసెసర్లకీ కలిపి పెట్టినదాని కంటే ఎక్కువ. అప్పుడు నా బెంచీ మిత్రుడు గుర్తుకొచ్చాడు. సెలవు పెట్టి, ఒక పాత టవర్ పెట్టె, తువ్వాలులో చుట్టిన బోర్డు పట్టుకుని గుంటూరు మీదుగా బస్సెక్కి ఊరికి వచ్చాను.

షెడ్డులో వాడు కూలరుకు రివెట్లు కొడుతున్నాడు. బోర్డు చూసి, "ఏందిరా ఇది, ఊరు మ్యాపు లాగుంది" అన్నాడు. రెండు ప్రాసెసర్ల సంగతి చెప్పాను. మూలమట్టం తీసి కొలిచాడు. "ఈ గూడు కోసెయ్యాలి. కోస్తే పెట్టె ఊగుద్ది. అడుగున పట్టీ వెయ్యాలి" అన్నాడు. బోర్డు మీద ఒక్క మాట కూడా తెలియని మనిషి, పెట్టె బలం దేని మీద నిలబడి ఉందో ఒక్క చూపులో చెప్పాడు.

నాలుగు రోజులు పట్టింది. గూడు కోసి, 20 గేజి రేకుతో కొత్త గూడు చేసి పై భాగంలో అడ్డంగా బిగించాడు. బోర్డు కూర్చునే పలకను మూడున్నర అంగుళాలు పెంచాడు. కోసిన ప్రతి అంచునూ ఆకురాయితో రుద్ది మడత పెట్టాడు. "తీగలు కోసుకుంటాయి, నీ చేతులూ కోసుకుంటాయి" అన్నాడు. డ్రిల్లు చేసిన తర్వాత పెట్టెను తలకిందులు చేసి దులిపి, గుడ్డలో చుట్టిన అయస్కాంతంతో మూలమూలా తుడిచి, అప్పుడు గాని బోర్డును షెడ్డులోకి తేనివ్వలేదు. ఇనుప రజను ఒక్క రవ్వ రెండు కాళ్ల మధ్య పడితే బోర్డు కాలిపోతుందని నేను ఒక్కసారే చెప్పాను. రెండోసారి చెప్పాల్సిన పని పడలేదు.

గాలి విషయంలో మాత్రం పోట్లాడుకున్నాం. ఆ ప్రాసెసర్లు ఒక్కొక్కటి పాతిక వాట్లకు పైగా వేడి పుట్టిస్తాయి. మే నెల, షెడ్డులో 41 డిగ్రీలు. చుట్టూ ఎన్ని రంధ్రాలు పెడితే అంత చల్లన అని నేను పట్టుబట్టాను. సరేనని పక్క రేకుల నిండా రంధ్రాలు వేశాడు. ఫ్యాను పెట్టి చూస్తే ముందు స్లాటులోని ప్రాసెసర్ 61 డిగ్రీలు, వెనక స్లాటులోది 70. వాడు నవ్వి, "గాలి సోమరిదిరా. దగ్గర దారి కనపడితే దూరం పోదు. నీ ఫ్యాను లాగేది పక్క బొక్కలో గాలినే. కూలరుకైనా ఇంతే, వచ్చే దారి ఒకటి, పోయే దారి ఒకటి ఉండాల" అన్నాడు. ఫ్యాను దగ్గరి రంధ్రాలన్నీ రేకు ముక్కతో మూసేశాడు. ముందు ఫ్యాను నుంచి ప్రాసెసర్ల దాకా రేకు డక్టు చేసి, మధ్యలో ఒక నాలుక పెట్టి గాలిని రెండు పాయలుగా చీల్చాడు. ముందుదాని వేడి గాలి వెనకదానికి పోకుండా దేని గాలి దానికే. మళ్లీ చూస్తే 57, 58. నేను పుస్తకంలో చదివిన సూత్రాన్ని వాడు కూలర్ల దగ్గర ఎప్పుడో నేర్చుకున్నాడు.

అయిదో రోజున స్విచ్చి వేశాం. ఏమీ జరగలేదు. ఫ్యాను అర చుట్టు తిరిగి ఆగింది. రెండు నెలల జీతం పొగై పోయిందనుకున్నాను. అన్నీ ఊడదీసి, ప్రాసెసర్లు మార్చి పెట్టి చూశాను. గంట గడిచింది. వాడు టార్చిలైటు పెట్టి పెట్టె అడుగు చూస్తూ, "బోర్డుకు బొక్కలెన్ని?" అన్నాడు. తొమ్మిది. "నువ్వు గీసిన గుర్తులు పది. పది స్టడ్లు బిగించా" అన్నాడు. ఆ పదో ఇత్తడి స్టడ్డు బోర్డు వెనక టంకం చుక్కలకు ఆనుకుని షార్టు అయింది. కరెంటు డబ్బా తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోయింది. తప్పు గుర్తు గీసింది ఇంజనీరు. పట్టుకుంది తొమ్మిదో తరగతి మధ్యలో మానేసినవాడు. ఆ స్టడ్డు తీసి మళ్లీ స్విచ్చి వేశాం.

ఒక పత్రికతో పాటు వచ్చిన సీడీలోంచి లైనక్స్ ఎక్కించాను. అప్పటి ఇళ్లలోని విండోస్ 98 రెండు ప్రాసెసర్లున్నా ఒక్కదాన్నే వాడుకుంటుంది. లైనక్స్‌కు రెండూ తెలుసు. అది మొదలయ్యేటప్పుడు తెర పైన ఎన్ని ప్రాసెసర్లుంటే అన్ని పెంగ్విన్ బొమ్మలు చూపిస్తుంది. వాడు తెర దగ్గరికి వంగి, "రెండు పిట్టలు" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఇక్కడ నేను రెండో తప్పు చేశాను. పిల్లలు జాగ్రత్తగా వినండి, అసలు పాఠం ఇదే. రెండు ప్రాసెసర్లున్నాయి కాబట్టి బొమ్మను అడ్డంగా సగానికి కోసి, పై సగం ఒకదానికీ కింది సగం ఇంకోదానికీ ఇచ్చాను. 12 నిమిషాల పని ఆరు నిమిషాల్లో అయిపోవాలి. పది నిమిషాలు పట్టింది. ఎందుకంటే పై సగమంతా ఆకాశం. ఆ ప్రాసెసర్ రెండు నిమిషాల్లో పని ముగించి ఖాళీగా కూర్చుంది. ప్రాకారం, స్తంభాలు, చెక్కడాలు అన్నీ కింది సగంలోనే ఉన్నాయి. సగం స్థలం ఇచ్చాను గాని సగం పని ఇవ్వలేదు.

వాడు రెండు తెరలూ చూసి, "మిర్చి కోతకు సాళ్లు పంచినట్టు పంచరాదా? చేను అడ్డంగా చీలిస్తే కాయున్న వైపు ఒకడికి, కాయలేని వైపు ఒకడికి పోద్ది. సాలు విడిచి సాలు ఇస్తే ఇద్దరికీ సమానం" అన్నాడు. అలాగే చేశాను. 1, 3, 5 ఒకదానికి, 2, 4, 6 ఇంకోదానికి. ఒక్కోదానికి 375 బొమ్మలు, లెక్క ప్రకారం 75 గంటలు. జ్ఞాపకశక్తికి పోయే దారి ఇద్దరికీ ఒకటే కాబట్టి అక్కడ కొంత ఆగాల్సి వచ్చి 80 గంటల దాకా పట్టింది. కరెంటు పోయినా పూర్తయిన బొమ్మలు భద్రంగా ఉండేవి కాబట్టి ఆగిన చోటు నుంచి మళ్లీ మొదలుపెట్టేవాళ్లం. అయిదు రోజులకు అర నిమిషం ప్రదక్షిణ తయారైంది.

జీన్ ఆమ్‌డాల్ అనే ఇంజనీరు 1967లోనే ఒక మాట చెప్పాడు. ఏ పనిలోనైనా పంచుకోగలిగిన భాగం కొంత, పంచుకోలేని భాగం కొంత ఉంటుంది. పదో వంతు పని పంచుకోలేనిదైతే, రెండు ప్రాసెసర్లు పెట్టినా వేగం రెండింతలు కాదు, 1.8 రెట్లే. ఎన్ని వందలు పెట్టినా పది రెట్లు దాటదు. మన పల్నాటి వాళ్లకు ఇది కొత్త కాదు. మిర్చి కోతకు ఎంతమందిని పెట్టినా కల్లంలో కాయ ఎండే రోజులు తగ్గవు గదా.

ఆ రాత్రుల్లో షెడ్డు ముందు మంచాలు వేసుకుని పడుకుని, బొమ్మలు పూర్తవుతుంటే కబుర్లు చెప్పుకునేవాళ్లం. సెలరాన్ ప్రాసెసర్ కథ చెప్పాను. ఇంటెల్ కంపెనీ దాన్ని చవక రకంగా అమ్మేది. జంటగా పనిచెయ్యడానికి కాదని చెప్పేది. తీరా చూస్తే లోపలి చిప్పుకు జంటగా పనిచేసే శక్తి ఉంది. దానికి కావాల్సిన ఒక్క తీగను బయటి కార్డు మీద కలపలేదు. ఔత్సాహికులు కార్డుకు సన్నని రంధ్రం చేసి, వెంట్రుకంత తీగ టంకం వేసి రెండింటిని కలిపి నడిపించారు. 1999లో తైవాన్‌కు చెందిన ఆబిట్ కంపెనీ ఆ కోత, టంకం కూడా అక్కర్లేని బోర్డు తెచ్చింది. అంతా విని వాడు, "అంటే దానికి బుర్ర లేక కాదు, తీగ కలపక" అన్నాడు. అని అటు తిరిగి పడుకున్నాడు. నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఇక నేను చెప్పుకోవాల్సిన భాగం.

హైదరాబాద్ వెళ్లాక ఆఫీసులో ఆ సినిమా చూపించాను. అందరూ మెచ్చుకున్నారు. మా ఆఫీసు పత్రికలో పెట్టె పక్కన నా ఫోటో వేసి, 'ఒంటిచేత్తో రెండు ప్రాసెసర్ల కంప్యూటరు' అని రాశారు. సరిదిద్దమని ఒక్క మాట అనవచ్చు. అనలేదు. ఆ కాగితాన్ని మా అమ్మ ఫ్రేము కట్టించి ఊళ్లో ఇంటి హాల్లో తగిలించింది. మరుసటి సంవత్సరం మా నాన్న సంవత్సరీకానికి వాడు వచ్చాడు. ఆ ఫ్రేము ముందు నిలబడి, వేలు పెట్టి కూడబలుక్కుంటూ మొత్తం చదివాడు. నేను పక్కనే ఉన్నాను. నా వైపు తిరిగి, "ఫోటోలో పెట్టె బాగా పడిందిరా" అన్నాడు. అంతే. వెళ్లి వడ్డనలో చెయ్యి వేశాడు.

నాలుగు మాటలు తిట్టినా బాగుండేది.

తర్వాత కాలం మారింది. 2005లో ఒకే చిప్పులో రెండు ప్రాసెసర్లు ఇళ్లలోని కంప్యూటర్లకు వచ్చేశాయి. ఇప్పుడు మీ జేబుల్లోని ఫోన్లలో చాలావాటికి ఎనిమిది ఉన్నాయి. మా బోర్డు మీది కెపాసిటర్లు ఉబ్బి 2007లో అది ఆగిపోయింది. పెట్టె మాత్రం చెక్కుచెదరలేదు. ఒక్క రివెట్టు వదులు కాలేదు.

ఈ స్వర్ణోత్సవానికి పూర్వ విద్యార్థుల జాబితా తయారుచేసిన ముగ్గురిలో నేనొకణ్ణి. పదో తరగతి పాసైన వాళ్ల రిజిస్టరు ముందు పెట్టుకుని పేర్లు రాశాం. సులువని అలా చేశాం. గాలి లాగే మేమూ దగ్గర దారినే పోయాం. మొన్న బడి గేటు దగ్గర స్వాగత ఇనుప ఆర్చి పని చూడడానికి వెళ్తే, నిచ్చెన మీద వెల్డింగు చేస్తున్నది వాడే. "జాబితాలో నీ పేరు లేదురా" అన్నాను. అద్దం పైకెత్తి, "నాకెందుకులే, నేను మధ్యలో పోయినోణ్ణి. ఆర్చి మీద అక్షరాలు ఎన్నో సరిగ్గా చెప్పు చాలు" అన్నాడు. ఈ సభలో తన పేరు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు. అందుకే చెప్పడం లేదు.

అప్పుడు నాకు ఆ టెర్మినేటర్ కార్డు గుర్తుకొచ్చింది. మన జాబితాలో ఎన్ని ఖాళీలున్నాయో తెలియకుండా ఎంత చక్కగా సర్దుకున్నాం! నాన్న పోయాడనో, పెళ్లయిందనో, మిర్చి కోతలకు పోవాలనో, లెక్కల్లో తప్పారనో మధ్యలో ఆగినవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉన్నారు. ఆడపిల్లలైతే మరీ ఎక్కువ. వాళ్లు మన బెంచీల్లోనే కూర్చున్నారు, ఈ గురువుల చేతి దెబ్బలే తిన్నారు.

కాబట్టి సంఘానికి నా మనవి రెండు మాటల్లో. ఒకటి, జాబితాకు పదో తరగతి ఫలితాల రిజిస్టరు కాకుండా అడ్మిషన్ రిజిస్టరును ఆధారం చేద్దాం. ఈ బడిలో ఒక్క రోజు పేరు పలికించుకున్నవాళ్లు కూడా మనవాళ్లే. ఆహ్వానాలు, సంచిక ఇంకా అచ్చుకు పోలేదు, సమయం ఉంది. తిరిగి రాసే పని నేను తీసుకుంటాను. రెండు, ఆ పెట్టెను నేను బడికి ఇస్తున్నాను. సైన్సు గదిలో ఒక బల్ల, నాలుగు స్క్రూడ్రైవర్లు, విప్పడానికి పది పాత కంప్యూటర్లు నేను ఏర్పాటు చేస్తాను. పిల్లలు విప్పాలి, తప్పులు చెయ్యాలి, పదో స్టడ్డు ఎక్కడుందో వాళ్లే వెతుక్కోవాలి. రేకు పని నేర్పడానికి ఒక మనిషి కావాలి. ఎవర్ని అడగాలో గురువులకు తెలుసు. నేను అడిగితే రాడు. మాస్టారు, మీరు పిలిస్తే కాదనడు.

ఆ పెట్టె పక్క రేకు మీద చిన్న ఇత్తడి పలక బిగించాలని ఉంది. ఎన్ని పేర్లు ఉండాలో ఇప్పుడు చెప్పక్కర్లేదు. మా ఇద్దరి పేర్లూ మన అడ్మిషన్ రిజిస్టరులో ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. నిన్న వెళ్లి చూసి వచ్చాను.